గురువారం కాగితం మీద రెండో గీత

విజయనగరం డిటెక్టివ్ గుంపస్వామి ఏడు కేసులు కుర్చీలోంచి లేవకుండానే తేల్చాడని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో నాలుగు శుద్ధ అబద్ధం. మిగతా మూడింట్లో కుర్చీ లేదు, అరుగు ఉంది. అరకు లోయలో కరెంటు లైను క్యాంపుకి ఆయన తెల్లవారకముందే చేరిన ఆ ఆదివారం మాత్రం నిజంగానే కుర్చీ వేశారు. దానికో కాలు పొట్టి. ఆ కాలి కింద తన పొగాకు డబ్బా ఎత్తుపెట్టుకుని, చుట్ట వెలిగించి, ఎదుట నేలమీద కూర్చున్నవాడి చేతులకున్న బేడీల వంక తాపీగా చూశాడు.

ఉదయం పది గంటలు. మధ్యాహ్నం మూడింటికి పోలీసు జీపు ఆ చేతుల్ని కొండ దింపుకుపోతుంది.

"ఏటి గాసీ, రిజిస్టరు కాల్చీసావట?"

"అందరూ అదే అంతన్నారు బావూ. నాకొక్కడికే తెల్దు."

గాసి ఆ కొండవాడే. ఏడాదిగా క్యాంపులో డీజిల్ ఇంజను తిప్పుతున్నాడు. కాలిపోయిందంటున్న రిజిస్టరు ఇంజనీరు సన్యాసిరావుది. ఆయన నాలుగేళ్ళు పట్నంలో వీధి వీధీ కొలిచినట్టు తిరిగి, ఎక్కడ ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఏ మిల్లు ఎన్నింటికి మొదలవుతుంది, ఓడరేవు పెరిగితే ఇంకెన్ని ఇళ్ళు లేస్తాయి, ఇరవై ఏళ్ళకి ఎంత కరెంటు కావాలి, సబ్‌స్టేషన్లు ఎక్కడెక్కడ పెట్టాలి అన్నీ అందులో రాశాడు. కొండ జలపాతం దగ్గర పుట్టబోయే కరెంటుని పట్నానికి దింపే లైను ఒంటి వరసా, జంట వరసా అన్నది ఆ పుస్తకం చూసి మంగళవారం మీటింగులో పెద్దలు తేల్చాలి. శనివారం పొద్దున్న పెట్టె తెరిస్తే పుస్తకం లేదు. షెడ్డు వెనక బూడిదలో దాని అట్ట మూలా, ఇత్తడి బొత్తామూ దొరికాయి. పొద్దుగూకాక పోలీసులొచ్చి గాసికి బేడీలు వేశారు. పై ఆఫీసు వాళ్ళు గుంపస్వామికి తంతి కొట్టారు.

"గుంపస్వామిగారూ, మీరు నింపాదిగా చుట్ట కాల్చుకోండి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ భుజంగరావు. రాజమండ్రి మనిషి. మాట మెత్తన, మీసం గరుకు. "అడగాల్సినవన్నీ నేను అడిగేశాను. లైను వీడి మెట్టచేను మీంచి పోతోంది. అదీ కోపం. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట వేళ దొంగచాటుగా వచ్చి కాల్చాడు. నక్షాలు గీసే కూర్మారావు జ్వరంతో గుడారంలో పడుకుని కళ్ళారా చూశాడు. సంతకం కూడా పెట్టాడు."

"ఆ కూర్మారావుని ఓసారి పలకరించొచ్చా?"

"జ్వరం తగ్గలేదు. ఇంజనీరుగారే సెలవిచ్చి, పొద్దున్న ఎనిమిదింటి లారీలో పట్నం పంపారు."

గుంపస్వామి పొగ వదిలి గాసి వైపు తిరిగాడు. "శుక్రవారం నువ్వెక్కడున్నావురా?"

"ఇటుకల పండగ గదా బావూ. సెలవడిగి ఏటకెల్లినాను. ఊళ్ళో మగోళ్ళం అందరం ఎల్లినాం. పొద్దుగూకినాక ఒచ్చినాం."

"ఏం కొట్టారు?"

అంతవరకూ బేడీలకే తల వంచని గాసి ఆ ప్రశ్నకి తల వంచేశాడు. "ఏటీ నేదు. కుందేలు పిల్ల కూడా నేదు." చొక్కా కాలరు పైకెత్తి చూపించాడు. మెడ నుంచి నడుం దాకా పచ్చటి మరకలు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. "ఒట్టి సేతుల్తో ఒస్తే మా ఆడోళ్ళు ఊరుకోరు. పేడనీళ్ళు పోసీసినారు."

గుంపస్వామి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా తాతా అంతేరా. ఒకసారి వేటకెళ్ళి ఏమీ దొరక్క, మా మామ్మకి భయపడి, అడవిలోనే తొమ్మిది నెలలు ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి మా నాన్న పుట్టాడు. వేటకెళ్ళి తెచ్చింది వీణ్ణేనని మా మామ్మ ఊరంతా చూపించింది."

గాసి నవ్వాడు. కాపలా కానిస్టేబులు నవ్వాడు. భుజంగరావు నవ్వలేదు.

"సాయంత్రం పేడనీళ్ళు పడితే మధ్యాహ్నం ఎక్కడున్నట్టండీ? తోటి వేటగాళ్ళంతా వీడి చుట్టాలే, వాళ్ళ మాట చెల్లదు. ఊళ్ళో మగాళ్ళని ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి అడిగాను. శుక్రవారం క్యాంపు వైపు ఎవరొచ్చారో ఒక్కడంటే ఒక్కడు చెప్పలేకపోయాడు."

"మగాళ్ళందర్నీ అడిగారా?"

"ఒక్కణ్ణీ వదల్లేదు."

"మంచి పని చేశారు," అని గుంపస్వామి లేచి పొగాకు డబ్బా జేబులో వేసుకున్నాడు. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది.

గాసినీ ఇన్‌స్పెక్టర్నీ వెంటబెట్టుకుని ఇంజను షెడ్డుకి వెళితే సన్యాసిరావు ఎదురయ్యాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. రెండు రోజుల గడ్డం, నిద్రలేని కళ్ళు. చొక్కా జేబుకి వరసగా నాలుగు అరలు కుట్టించుకున్నాడు. పెన్ను, స్కేలు, నల్ల పెన్సిలు. నాలుగో అర ఖాళీ.

"మీరు శుక్రవారం ఇక్కడ లేరట?"

"లేనండి. గురువారం సాయంత్రం జీపులో పట్నం దిగాను. శనివారం పొద్దున్న ఏడింటికి వచ్చాను."

"ఇదేం యంత్రం? గడియారంలా టిక్కుటిక్కుమంటోంది, గంటలు మాత్రం కొట్టడం లేదు."

గోడకి బిగించిన అద్దాల పెట్టె అది. లోపల కాగితం చుట్టిన డబ్బా ఒకటి నెమ్మదిగా తిరుగుతోంది. నీలం సిరా పూసిన ముల్లు ఒకటి కాగితాన్ని తాకుతూ గీత గీస్తోంది. ఆ ప్రశ్నతో సన్యాసిరావు మొహానికి ప్రాణం వచ్చింది.

"ఇది పట్నం నాడి పట్టుకునే యంత్రమండి. వాడే కరెంటు పెరిగితే ముల్లు పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. రోజుకి డబ్బా ఒక చుట్టు తిరుగుతుంది. రోజుకో కాగితం. దీపాలు పెట్టే వేళ ఇంత ఎత్తు, సినిమా వదిలాక ఇంత, తెల్లవారుజామున మిల్లులు లేచేటప్పుడు ఇంత. ఆ కాగితం చూసి ఊరు ఎప్పుడు నిద్రపోయిందో, ఎప్పుడు లేచిందో చెప్పేయొచ్చు. పట్నంలో పెట్టే ముందు ఇక్కడ సరిచూస్తున్నాను."

"ఇంజను ఆపేస్తే ఇదీ ఆగుతుందా?"

"ఆగదు. దీని గడియారానికి వేరే కీ ఉంది. వారం నడుస్తుంది. కరెంటు లేకపోతే ముల్లు అడుగున పాకుతుందంతే." అలవాటుగా బొమ్మ గీసి చూపించబోయి నాలుగో అరలో వేలు పెట్టాడు. అక్కడేమీ తగల్లేదు. చేతిగడియారం చూసుకుని, ఆఫీసులో పనుందని వెళ్ళిపోయాడు.

పక్కనే బల్ల సొరుగులో పాత కాగితాలున్నాయి. ఒక్కోదాని నెత్తిమీద వారం పేరు. బుధవారం, గురువారం. శనివారంది ఇంకా డబ్బా మీదే ఉంది.

"శుక్రవారం ఏదిరా?"

"నేదు బావూ. రోజూ ఎనిమిదింటికి నానే పాతది ఇప్పి కొత్తది సుడతాను. సుక్కురవారం నాను ఏటకెల్లినాను గదా. సెనివారం ఒచ్చి గురువారంది ఇప్పినాను."

గుంపస్వామి గురువారం కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చుట్ట ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఇటు రండి. మధ్యాహ్నం ఒంటిగంట దగ్గర ముల్లు ఎక్కడుంది?"

"ఐదో గీత మీద."

"ఇంకా?"

భుజంగరావు కళ్ళు చిట్లించాడు. "తొమ్మిదో గీత మీద కూడా ఉంది."

"ఒకే ముల్లు ఒకే క్షణాన రెండుచోట్ల ఎలా ఉంటుందండీ? నేనూ బోలెడు కోతలు కోస్తాను గానీ ఇంత కొయ్యలేను. గురువారం చుట్టిన కాగితాన్ని శుక్రవారం ఎవరూ విప్పలేదు. డబ్బా అదే కాగితంతో రెండో చుట్టు తిరిగింది. శుక్రవారం పొద్దుట్నించీ ముల్లు అడుగున పాకింది. పన్నెండూ నలభైకి ఒక్క దూకులో తొమ్మిదో గీతకి లేచింది. ఒంటిగంటా ఇరవైకి ఒక్కసారిగా పడిపోయింది."

భుజంగరావు మొహం విప్పారింది. "అంటే శుక్రవారం ఇంజను తిరిగింది. అది తిప్పడం ఇక్కడ గాసికి తప్ప ఎవరికీ రాదు, కూర్మారావుకి రాదు, క్యాంపు వంటవాడికి రాదు. కూర్మారావు చెప్పిన టైము కూడా కలిసింది. గుంపస్వామిగారూ, నాకు లోటున్న సాక్ష్యం మీ చేత్తోనే అందించారు. చాలా థాంక్సండి."

బేడీలు చిన్నగా చప్పుడు చేశాయి. గాసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"పుస్తకం కాల్చడానికి అగ్గిపెట్టె చాలదటండీ? ఇంజనెందుకు?" అన్నాడు గుంపస్వామి. "పది నిమిషాలు ఆ బేడీ ఒక చేతికి విప్పండి. వీడి చేత ఇంజను తిప్పించి చూద్దాం."

"పారిపోతే?"

"రెండో చెయ్యి మీ చేతికే తగిలించుకోండి."

అలాగే చేశారు. గాసి ఇంజను తిప్పాడు. ఆ తిప్పుడుకి భుజంగరావు టోపీ కింద పడింది. గాసి ముందు నీళ్ళ పంపు పెట్టాడు. ముల్లు మూడో గీతకి లేచి నిలబడింది. ఇంజను కుదుటపడేదాకా చెవి ఒగ్గి విన్నాడు. అప్పుడు దీపాలు వేశాడు. ముల్లు ఐదుకి వచ్చింది.

"ఎప్పుడూ ఇలాగే మెట్లు మెట్లుగా పెడతావా?"

"అంతా ఒక్కసారి ఎత్తితే ఇంజనుకి నడుం పడిపోద్ది బావూ."

గురువారం మొదటి గీత సరిగ్గా ఆ మెట్లలాగే ఉంది. శుక్రవారం గీతకి మెట్లు లేవు. పంపూ దీపాలూ ఆపించి, గుంపస్వామి తానే పక్క చీకటి గదిలోకి వెళ్ళాడు. నక్షాలకి నీలి నకళ్ళు తీసే గది అది. అక్కడున్న పెద్ద దీపం మీట నొక్కాడు. ఇంజను గొంతు పట్టేసినట్టు ఒక్క దగ్గు దగ్గింది.

"తొమ్మిదో గీత!" అని అరిచాడు భుజంగరావు. అరిచాక, అరిచినందుకు నొచ్చుకున్నాడు.

"చూశారా? కాల్చే ముందు నలభై నిమిషాలపాటు ఎవరో నకళ్ళు తీశారు. కోపంతో తగలబెట్టేవాడు నకలు తీసుకుంటాడా? ఇంజను తిప్పడం తెలిసినవాడే గానీ, రోజూ తిప్పేవాడు కాదు. పదండి, మగాళ్ళు చెప్పలేనిది ఎవరు చెబుతారో చూద్దాం."

క్యాంపు కింద మలుపులో, లోయలోకి దిగే ఒకే ఒక్క బండిదారికి అడ్డంగా వెదురు కట్టి, ఇరవైమంది ఆడవాళ్ళు చేతులు కలిపి పాడుతున్నారు. పండగ వారం రోజులూ మగవాళ్ళు అడవిలో ఉంటే దారి వాళ్ళదే. పొద్దు పొడిచింది మొదలు దిగేదాకా ఎవరొచ్చినా బండి దిగాలి, ఏదో ఒకటి ఇవ్వాలి, లేదా వాళ్ళతో కలిసి నాలుగడుగులు ఆడాలి.

"పోలీసులం! అడ్డు తియ్యండి!" అన్నాడు భుజంగరావు.

వాళ్ళ పెద్ద సోములమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పోలీసులకి కాళ్ళుండవేటి? ఆడు బావూ."

గుంపస్వామి అప్పటికే గొడుగు పడేసి వరసలో చేరిపోయాడు. బేడీ కలిసుంది కనక గాసి ఆడితే భుజంగరావు ఆడక తప్పలేదు. ఆయన బూట్లు దుమ్ములో నాలుగడుగులు వేసేసరికి ఆడవాళ్ళు అప్పటికప్పుడు పాట కట్టేశారు. మీసం బావు ఒచ్చాడు, గొలుసు కట్టుకుని ఆడాడు అని.

"ఓలమ్మా, వచ్చినోళ్ళందరికీ ఇలాగే పాట కడతారా?"

"మరేటి? ఎవులొచ్చినా కడతాం. సాయంత్రం మగోళ్ళకి పాడి ఇనిపించాల గదా."

"శుక్రవారం పాట ఒకసారి పాడవూ?"

సోములమ్మ గొంతెత్తింది. మిగతావాళ్ళు అందుకున్నారు.

*టోపీ బావు ఒచ్చాడే, జీపు తానే తోలాడే,*
*నీడ కాళ్ళ కిందుండగా సెమట కార్చుకుంటొచ్చాడే,*
*ఆడమంటే సిగ్గన్నాడే, అటూ ఇటూ సూసాడే,*
*రెండు మూతుల పుల్లిచ్చి సందేలకి దిగాడే!*

"రెండు మూతుల పుల్లా?"

సోములమ్మ నవ్వి కొప్పులోంచి తీసి చూపించింది. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిలు. చేత్తో తీసుకోబోయిన భుజంగరావుని అదిలించి మళ్ళీ కొప్పులో పెట్టేసుకుంది.

"ఈ రోజు ఎవరొచ్చారు?" అన్నాడు గుంపస్వామి.

"పొద్దున్న లారీ ఒకటి దిగింది. డైవరూ, సింతపండు బస్తాలూ. దానికి పాటేటి కడతాం, పులుపు తప్ప!"

కొండ మీంచి కొమ్ము ఊదిన చప్పుడు సన్నగా వినిపించింది. "ఆకరి ఏట బావూ," అంది సోములమ్మ. "మొదటి కొమ్ము. కొండ సుట్టేసినారు."

ఆఫీసు గదిలో సన్యాసిరావు కాగితాలు సర్దుతున్నాడు. గుంపస్వామి ఎదుట కూర్చుని, చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఎరుపూ నీలం పెన్సిలు సోములమ్మ కొప్పులో బాగుందండీ. మీ జేబు మాత్రం బోసిపోయింది. శుక్రవారం నీడ కాళ్ళ కిందుండగా వచ్చారు. క్యాంపులో ఎవరూ కనపడలేదు, ఊళ్ళో మగవాళ్ళు లేరు, ఆడవాళ్ళని ఎవరూ అడగరనుకున్నారు. అందులో మీది తప్పు కాదు, నిజంగానే ఎవరూ అడగలేదు." భుజంగరావు కిటికీలోంచి బయటికి చూశాడు. "పోతూ పోతూ సొరుగు కూడా చూసుకున్నారు. శుక్రవారం కాగితం లేదు, బతికాననుకున్నారు. ఏడాదిగా ఆ కాగితం మార్చింది గాసి. మీరు ఒక్కరోజు మార్చి ఉంటే, మార్చకపోతే ఏమవుతుందో మీకూ తెలిసేది."

సన్యాసిరావు గాసి వైపు చూడలేక బల్లవైపు చూశాడు.

"పట్నంలో డీజిల్ కరెంటు అమ్ముకునే కంపెనీ ఒకటుందండి. మన లైను చిన్నదైతే ఇంకో పదేళ్ళు వాళ్ళ ఇంజన్లే గతి. వాళ్ళ మనిషి వచ్చాడు. రిజిస్టరు మీటింగుకి చేరితే నువ్వు ఇంటికి చేరవన్నాడు. రెండుసార్లు నా గుడారం వెతికారు. అది కాలిపోయిందని వాళ్ళు నమ్మితేనే వదులుతారు. అందుకని అందులోని ముఖ్యమైన పన్నెండు నక్షాలకి నకళ్ళు తీసి, నా చేత్తో నేనే… నాలుగేళ్ళండి. కాలుతుంటే చూడలేక వెనక్కి తిరిగి నిలబడ్డాను."

"మరి గాసి?"

"ఎవరినైనా పట్టుకుంటారనుకోలేదు. మంగళవారం మీటింగు కాగానే చెప్పేద్దామనుకున్నాను. మూడు రోజులే కదా అని…"

"మూడు రోజులు లాకప్పులో ఎప్పుడైనా ఉన్నారా మీరు?" అన్నాడు భుజంగరావు. గొంతులో మెత్తదనం పోయింది.

గుంపస్వామి చుట్ట నలిపేశాడు. "ఇరవై ఏళ్ళ తర్వాత ఏ వీధిలో ఎన్ని దీపాలు వెలుగుతాయో లెక్కేశారు. మర్నాడు మీ ఇంజను తిప్పేవాడి చేతులు ఎక్కడుంటాయో లెక్కకి అందలేదా? సరే. ఆ నకళ్ళేవి?"

"వెదురు గొట్టంలో పెట్టి కూర్మారావుకిచ్చాను. నన్ను శుక్రవారం చూశాడని తెలుసు. చూసి కూడా నన్ను కాపాడ్డానికి గాసి పేరు చెప్పాడు. అంతకన్నా నమ్మకస్తుడు ఇంకెవరుంటారని…"

మాట పూర్తి చెయ్యకుండానే సన్యాసిరావుకి అర్థమైంది.

"ఒక అమాయకుణ్ణి జైలుకి పంపడానికి చెయ్యి వణకనివాడు మీకు నమ్మకస్తుడయ్యాడు," అన్నాడు గుంపస్వామి. "వాడు కాపాడింది మిమ్మల్ని కాదు, ఆ గొట్టం వాడి చేతికి రావడానికి దారిని. ఆ కంపెనీ డబ్బు తిని మీ గుడారం వెతికిందెవరనుకున్నారు? ఇంకో సంగతి. వాడు ఎనిమిదింటి లారీ ఎక్కలేదు. లారీలో డ్రైవరూ చింతపండే దిగాయి. ఆడవాళ్ళ పాటలోకి ఎక్కడం ఇష్టం లేనివాడు ఎటు పోతాడు గాసీ? వేరే దారుందా?"

గాసి మొహం పాలిపోయింది. "కొండ మీంచి ఉంది బావూ. గెడ్డ నీళ్ళు దాటి, రెండు కొండల సందులోంచి అవతల రోడ్డుకి, మూడు నాలుగు గంటల నడక. మా వోళ్ళు కాసింది ఆ సందే. మొదటి కొమ్ముకి సుట్టూ నిలబడతారు. రెండోదానికి డప్పులోళ్ళు కదుల్తారు. మూడోది ఊదినాక పొదలో ఏది కదిల్నా బాణమే. మూడు రోజుల్నించీ ఒట్టి సేతులు. ఈ పొద్దు పేడనీళ్ళ బయానికి ముందు ఏసీసి, తరవాత సూస్తారు."

భుజంగరావు తుపాకీ తియ్యబోయాడు.

"తుపాకీ పేలితే ఆళ్ళు సాయమొచ్చిందనుకుంటారు బావూ. నా కేక ఆళ్ళకి తెలుసు. నాను అరిస్తే ఆగుతారు. ఈ గొలుసుతో గెడ్డ దాటనేను."

వాడు పారిపోతేనో అని ఈసారి భుజంగరావు అనలేదు. తాళంచెవి తానే తీసి, తన చేతినీ వాడి చేతినీ కలిపిన బేడీ విప్పేశాడు. గాసి మణికట్టు రుద్దుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"కూర్మారావు బావుకి నానేటి సేసినాను?"

"ఏమీ చెయ్యలేదురా," అన్నాడు గుంపస్వామి.

"అయితే ఆణ్ణే అడుగుతాను. అడగాలంటే బతికుండాల గదా," అని గాసి కొండ వైపు పరుగెత్తాడు. పచ్చమరకల చొక్కా చెట్లలో కలిసిపోయింది.

ఇంజను ఆపడానికి ఎవరికీ గుర్తు రాలేదు. అది అలా తిరుగుతూనే ఉంది. భుజంగరావు ఖాళీ బేడీలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కింద మలుపులో ఆడవాళ్ళ పాట ఆగింది.

కొండ మీద రెండో కొమ్ము ఊదారు.